తెలుపు కాడ కుడికి

నేను బడికి పోయింది మూడో తరగతి వరకే. అయితే ఆ మూడో తరగతిని మా వీధిలో నా అంత కాలం చదివినవాడు లేడు. చివరి ఏడాది కొత్తగా వచ్చిన పంతులు నన్ను చూసి, ఎవరో పిల్లవాడి తండ్రి వచ్చాడనుకుని కుర్చీలోంచి లేచాడు. రోజూ ఆయనకు ఆ శ్రమ ఎందుకని మరునాటి నుంచి మానేశాను.

ఇంత చదువు చదివినవాడు రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. కారు పందేల్లోకి పోవాలని ఉబలాటపడే కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ నంద్యాలలో మా ఇంటికి వస్తుంటారు. "దస్తగిరి తాతా, కంపెనీ జట్టులో తోలినోనివి, ఆ కతలు చెప్పు" అంటారు. వాళ్ళకు కావలసినవి కప్పుల కథలు. కప్పు ఒకటి వచ్చిన మాట నిజమే. దాని గురించి రాయను. నవ్వు వచ్చినచోట నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చివర నన్ను మెచ్చుకోకండి. ఇది మెచ్చుకోవలసిన వ్యవహారం కాదు.

జట్టు ఎందుకు పుట్టింది

మా కంపెనీ మద్రాసులో ఉండేది. విడిభాగాలు ఓడలో దిగితే ఇక్కడ బిగించి కార్లు చేసి అమ్మేవాళ్ళు. యుద్ధం ముగిసింది, పెట్రోలు మళ్ళీ కంటపడుతోంది, ఇక కార్లు అమ్ముకోవాలి. మా సీమ ఆసాముల దగ్గర చేను ఉంది, దర్జా ఉంది. రోడ్డే లేదు. కోయిలకుంట్ల ఆసామి ఒకాయన కారు చుట్టూ తిరిగి, తట్టి చూసి, అమ్మవచ్చిన వాణ్ణి అడిగాడట: "బండి బాగుండాది గానీ అప్పా, దీన్ని లాగనీకి ఎద్దులు మీరే ఇస్తారా, మేం తెచ్చుకోవాల్నా?"

ఆ మాట మద్రాసు దాకా పోయింది. మేనేజరు రాజగోపాల్ గారికి రోషం వచ్చింది. అప్పుడప్పుడే మొదలవుతున్న దూరాభారపు కారు పందేల్లో మూడు కార్లు దింపుదాం, ఈ గుంటల రోడ్ల మీదే గెలిచి చూపిద్దాం అన్నాడు. అలా పుట్టింది జట్టు. మూడు కార్లు, ముగ్గురు డ్రైవర్లు, ప్రతి కారులో ఒక ఫిట్టరు. జట్టంటే అంతే.

నేను అప్పటికి నంద్యాల - ఆత్మకూరు బస్సు తోలుతున్నాను. అది బొగ్గు బస్సు. యుద్ధంలో పెట్రోలు లేక బస్సు వెనక పెద్ద పీపా కట్టి, బొగ్గు మండించి, ఆ పొగతో నడిపేవాళ్ళం. ఎత్తు వస్తే జనం దిగి నెట్టాలి. టిక్కెట్టు కొన్నవాళ్ళే నెట్టే వాహనం ఈ భూమ్మీద అదొక్కటే.

రాజగోపాల్ గారు నన్ను పిలిపించి, "నీకేం వచ్చు?" అని అడిగాడు.

"ఆపకుండా తోలడం వచ్చు సార్."

"ఎందుకు ఆపవు?"

"ఆపితే మళ్ళా కదల్దు సార్."

ఆయన నవ్వి చేర్చుకున్నాడు. నా నోరు నాకు ఉద్యోగం పెట్టించింది ఆ ఒక్కసారే. అదే నోరు తరువాత ఏం చేసిందో ముందు ముందు వస్తుంది.

పందెమంటే ఏమిటి

వేగం అనుకుంటారు. కాదు. మా పందేలు ఓర్పు పందేలు. పెట్టిన వేళకు పెట్టిన చోటికి చేరాలి, దారిలో ఆగకూడదు, ఏదీ విరగకూడదు. ముందుగా పోయినవాడికీ తప్పే, ఆలస్యంగా పోయినవాడికీ తప్పే. అచ్చం పెళ్ళివారింటికి భోజనానికి పోయినట్టు.

మా బతుకులో సగం కారు కిందనే గడిచింది. చక్రాల మీది స్ప్రింగు పట్టీ విరిగితే కొయ్య బద్ద పెట్టి నులక తాడుతో బిగించేవాళ్ళం. పెట్రోలు ట్యాంకు కారితే బట్టల సబ్బు మెదిపి అతికించేవాళ్ళం. స్టీరింగు పట్టుకోవడం ఆఖరి పని. ఇది విని నిరుత్సాహపడే కుర్రవాడు ఇంటికి పోవచ్చు, ఆలస్యమేమీ కాలేదు.

రాజగోపాల్ గారు తిట్టేవాడు కాదు. తప్పు చేసినవాడి చేతికి తుడిచే గుడ్డ ఇచ్చేవాడు. మాట్లాడకుండా కారంతా తుడవాలి, తుడుస్తూ ఆలోచించుకోవాలి. మా జట్టులో అందరికంటే ధగధగ మెరిసే కారు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి గుడ్డ నాకు రేగడి ఇప్పించింది. సాధకానికి నంద్యాల వచ్చాం. సన్నగా నాలుగు చినుకులు పడ్డాయి. నల్లరేగడిలో చినుకు పడితే మా రైతు బండి కట్టడు. ఆ సంగతి నాకు ఉగ్గుపాలతో తెలుసు. అయినా మద్రాసువాళ్ళ ముందు గొప్ప చూపించాలని చేల అడ్డదారి పట్టించాను. కొంచెం దూరం పోయేసరికి చక్రాలు బూరెల్లా ఉబ్బి, మట్టి మడ్‌గార్డుల దాకా బిగిసి, కారు నిలబడిపోయింది. చివరకు ఎద్దులు కట్టి లాగించాం. ఊరు ఊరంతా వెంట నడిచింది. ఒక ముసలాయన అడిగాడు: "ఏమప్పా దస్తగిరీ, ఎద్దులు గూడా కంపెనీవేనా?"

రాజగోపాల్ గారు నా చేతికి గుడ్డ ఇచ్చి ఒక్కమాట అన్నాడు: "నీకు దారి తెలుసు. ఆ సంగతి దారికి తెలియదు."

అప్పుడు నవ్వాను. నవ్వి మరిచిపోయాను.

రమణయ్య

రెండో కారు తోలేవాడు రమణయ్య. నెల్లూరు వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. యుద్ధంలో బర్మా సరిహద్దు కొండల మీద మిలిటరీ లారీ తోలాడు. యుద్ధం అయిపోగానే చేతిలో ఒక కాగితం పెట్టి ఇంటికి పంపారు. ఇంటి దగ్గర తల్లి ఉంది, ఎడ్లబండి ఉంది. ఈ పందెం తరువాత ఒక్క డ్రైవరును ఖాయంగా ఉంచుకుంటామనీ, తప్పు లేకుండా కారు తెచ్చినవాడికే ఆ చోటు అనీ రాజగోపాల్ గారు మా ముగ్గురికీ ముందే చెప్పాడు.

"ఇది పోతే మళ్ళీ ఎడ్లబండేనబ్బయా" అని రమణయ్య నాతో అన్నాడు. ఏడుపు గొంతుతో కాదు, వాన వచ్చేట్టుంది అన్నంత మామూలుగా.

మా ముగ్గురిలో మంచి డ్రైవరు ఆయనే. నేను గేరు మారిస్తే వీధి చివరివాడికి తెలిసేది. ఆయన మారిస్తే పక్కన కూర్చున్నవాడికి తెలిసేది కాదు. ఇంకొక గుణం ఉండేది. తెలియనిది అడిగేవాడు. ఊరి పేరు, వాగు లోతు, నీళ్ళు తియ్యనా ఉప్పనా, దేన్నైనా ఎవరినైనా అడిగేవాడు. అడగడానికి ఆయనకు సిగ్గు లేదు. ఆ సిగ్గు నేర్పింది నేను.

ఆయన ప్రతి ప్రశ్నా నాకు ఒక వేళాకోళం. "ఈ వాగు ఎంత లోతబ్బయా?" అంటే "నీ అంత పొడుగోడు దిగితే టోపీ తేల్తాది" అనేవాణ్ణి. జట్టంతా నవ్వేది. ఆయనా నవ్వేవాడు. నవ్వేవాడు గనుక నొప్పి లేదనుకున్నాను.

ఆళ్ళగడ్డ కాఫీ హోటలు

పందెం మద్రాసులో మొదలై, కడప మీదుగా కర్నూలు పోవాలి. ఆళ్ళగడ్డలో బస చేశాం. పొద్దున్నే బయలుదేరి నంద్యాల చేరాలి. దారిలో ఒకచోట పెద్ద రోడ్డు మీద వంతెన వానలకు దెబ్బతింది. అక్కడ పల్లెలోకి దిగి, బండ్లబాటన పోయి, మళ్ళీ పెద్ద రోడ్డు ఎక్కాలి.

రాజగోపాల్ గారు నన్ను పిలిచి, "ఇది నీ దేశం. మిగతా ఇద్దరికీ దారి చెప్పే పని నీది" అని ఒప్పజెప్పి, తాను ముందుగా నంద్యాల వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక మాట తెలియాలి. మా వైపు అహోబిలం నరసింహస్వామి తన పెళ్ళికి జనాన్ని పిలవడానికి తానే పల్లకి ఎక్కి ఊరూరా తిరుగుతాడు. పార్వేట అంటాం. శుభలేఖ పంపి ఊరుకునే దేవుడు కాదు. ఆ పల్లకిని ఎక్కడంటే అక్కడ దించరు. దించడానికి ఊరూరా రాతి అరుగులు కట్టి ఉంటాయి. ఆ అరుగు పేరు తెలుపు. సాయిబుల పిల్లలమైన మేము కూడా తెలుపెక్కి ఆడి తన్నులు తిన్నవాళ్ళమే. ఈ ఊళ్ళలో ఎవరిని అడిగినా తెలుపు చూపిస్తారు. ఈ ఊళ్ళు దాటితే ఆ మాటకు ఆ అర్థం లేదు. పైగా మేం పోవలసిన పల్లెలో తెలుపు నల్లరాతిది. స్వామి ఇంకా ఆ ఊరికి రాలేదు గనుక దానికి అలికింపూ ముగ్గూ లేవు, ఉత్త నల్లబండలు.

హోటలు ముందు బెంచీల నిండా జనం. కార్లు చూడవచ్చినవాళ్ళు. నేను నడిమధ్య నిలబడి దారి చెప్పాను. "పల్లె దాటినాక తెలుపు వస్తాది. తెలుపు కాడ కుడికి తిరుక్కోవాల. నేరుగా పోతే మట్టి తవ్విన గోతులుండాయి, జాగర్త."

రమణయ్య అడిగాడు: "తెలుపంటే ఏందబ్బయా?"

చెప్పడానికే నోరు తెరిచాను, అల్లా సాక్షి. కానీ బెంచీల మీదివాళ్ళంతా నా ముఖంకేసే చూస్తున్నారు. అక్కడ ఉన్నది నన్ను ఎరిగిన జనం. దస్తగిరి ఏదో ఒకటి అంటాడని వాళ్ళ పెదవులు అప్పటికే సగం విచ్చుకున్నాయి.

"తెలుపు తెలీదా రమణయ్యన్నా? నలుపు కాంది తెలుపు! నెల్లూరు మొలగొలుకుల తెల్లన్నం తినేటోనివి, నువ్వే తెలుపు తెలీదంటే మా కొర్రన్నం తినేటోళ్ళ గతేందప్పా?"

బెంచీలు పగలబడ్డాయి. హోటలాయన లోపలి నుంచి కూడా నవ్వాడు. ఎవరో "బలే ఏసినావురా దస్తగిరీ!" అని అరిచారు. రమణయ్య కూడా నవ్వాడు. చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసులోకి చూస్తూ "సరేలే, తెలుపు కాడ కుడికి" అని తనలో తాను అనుకున్నాడు.

తరువాత పక్కకు పిలిచి సరిగ్గా చెబుదామనుకున్నాను. ఇంతలో ఎవరో ఆ ముక్క మళ్ళీ చెప్పమన్నారు. అప్పుడే వచ్చిన వాళ్ళకు వినిపించాలట. మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వారు. ఇంతలో బయలుదేరే వేళ అయింది.

మూడో కారు తోలే సాల్మనుకూ తెలుపంటే తెలియదు. అతను గ్లాసు ఇచ్చే నెపంతో లోపలికి పోయి హోటలాయనను అడిగి తెలుసుకున్నాడట. నన్ను అడగలేదు. నన్ను అడిగితే ఏమవుతుందో అప్పుడే చూశాడు కదా.

నంద్యాలలో దండ

నేను ముందు బయలుదేరాను. తెలుపు కాడ కుడికి తిరిగాను. పెట్టిన వేళకు నంద్యాలలో దిగాను. సొంత ఊరు గదా, జనం విరగబడ్డారు. గిన్నెలకు కళాయి వేసుకునే మా నాయన మసిచేతులతోనే వచ్చి జనం వెనక నిలబడ్డాడు. మెడలో బంతిపూల దండ పడింది.

రెండో కారు రాలేదు. వేళ దాటింది.

"ఇంగో కారు యాడప్పా?" అని ఎవరో అడిగారు.

"తెలుపు ఎతుక్కుంటా నెల్లూరికే పోయింటాడు, మొలగొలుకులు సూడనీకి!"

మళ్ళీ నవ్వులు. రాజగోపాల్ గారు నవ్వలేదు. "తెలుపేమిటి?" అని అడిగాడు.

చెప్పాను. పల్లకి సంగతి, అరుగు సంగతి, నల్లబండల సంగతి, అది దాటితే కాలువ మీద వచ్చే సున్నం కొట్టిన మోరీ, దాని కుడిపక్క బాట, అది పోయి ఆగే గోతులు, అన్నీ వరసగా, ఒక్క ముక్క పోకుండా. బతుకులో ఎవరికీ అంత బాగా దారి చెప్పలేదు.

"ఇదంతా అతనికి చెప్పావా?" అన్నాడు రాజగోపాల్ గారు.

దండ మెడ మీద బరువుగా అనిపించడం నాకు గుర్తుంది. సున్నం కొట్టిన మోరీ అని నా నోటితో నేనే అన్న తరువాత గానీ అక్కడ తెల్లగా ఉన్నది అదొక్కటేనని నాకు తట్టలేదు.

సాల్మన్ కారు వచ్చింది. రెండో కారులోని ఫిట్టరు తమిళుడు, తెలుగు రాదు. కారు గోతిలో పడితే, గీరుకుపోయిన చేతులతో రోడ్డు మీదికి పరుగెత్తి వచ్చి సాల్మనును ఆపాడట. ఆపితే తప్పు పడుతుందని తెలిసీ సాల్మన్ ఆపాడు. వెనక సీటులో రమణయ్యను పడుకోబెట్టారు. కుడికాలు బాగానే ఉంది. ఎడమకాలికి రెండు కట్టెలు పెట్టి ఎవరిదో తలపాగాతో చుట్టారు. తలపాగా తడిసిపోయింది.

రాజగోపాల్ గారు తలుపు తీసి వంగాడు. రమణయ్య ఆయనకు సంజాయిషీ చెప్పుకున్నాడు.

"తెలుపు కాడే తిరిగా సార్. తెల్లగా సున్నం కొట్టుండాది. కుడికే తిరిగా."

ఆ మాట ఆయనకే చెప్పాడు. పక్కనే ఉన్నాను. నా వైపు చూడలేదు.

మా నాయన జనంలోంచి వచ్చి, నా మెడలోని దండ తీసేసి, ముంజేతికి చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు రాజగోపాల్ గారు నాకు గుడ్డ ఇవ్వలేదు. ఇస్తే బాగుండునని చేతులు చాపినంత పని చేశాను.

చోటు ఎవరికి వచ్చింది

కాలు అతికింది గానీ కురచ అయింది, మోకాలు వంగలేదు. ఎడమకాలు వంగనివాడు క్లచ్చి తొక్కలేడు. సాల్మన్ మధ్యలో ఆగాడు గనుక అతనికీ తప్పు పడింది. తప్పు లేకుండా కారు తెచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ చోటు నాకే వచ్చింది. రాజగోపాల్ గారు ఆ కాగితం నా చేతికి ఇచ్చేటప్పుడు వేరే వైపు చూస్తూ ఇచ్చాడు. నేను తీసుకున్నాను. వద్దనే మగతనం నాకు లేకపోయింది.

ఉద్యోగం కోసమే చెప్పలేదా అని కొందరు చాటుగా అన్నారు. సాల్మన్ మొహం మీదనే అడిగాడు. లేదన్నాను. నిజంగానే కాదు. ఉద్యోగం కోసం చేసి ఉంటే దానికొక కారణమైనా ఉండేది, దుర్మార్గుడన్న పేరైనా నిలిచేది. నేను చేసింది బెంచీల మీద కూర్చున్న, పేర్లు కూడా పూర్తిగా తెలియని పదిమంది నవ్వు కోసం. సాల్మన్ నా మాట నమ్మాడు. నమ్మి, "అయితే ఇంకా అన్యాయం" అన్నాడు.

కుర్రవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. జట్టులో పని చేసేటప్పుడు పక్కవాడు అడిగిన ప్రశ్నను మించిన పనిముట్టు లేదు. దాన్ని విరగ్గొడితే అతికించే సబ్బు లేదు. మీలో ఎగతాళి చేసేవాడు ఒకడుంటాడు, ప్రతి జట్టులో ఉంటాడు, అందరికీ వాడంటే ఇష్టమే. వాడి పక్కన కూర్చుని ఎవరు ప్రశ్నలు మానేశారో చూడండి.

నేను ఎగతాళి మానలేదు. మానానని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. పుట్టుబుద్ధి. దారి అడిగినవాడి దగ్గర మాత్రం మానాను. ఇప్పటికీ ఎవరైనా వీధిలో దారి అడిగితే ఆ ఇంటిదాకా నడిచిపోయి చూపించి వస్తాను. మా కోడలు దాన్ని మంచితనమనుకుంటుంది.

ఆళ్ళగడ్డలో మళ్ళీ

రమణయ్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పోయాను. తలుపు దాకా పోయేవాణ్ణి. లోపలికి పోతే ఏదో ఒక హాస్యం నోట్లోంచి వస్తుందని భయం. పళ్ళు వాకిట్లో ఆయమ్మకు ఇచ్చి వచ్చేవాణ్ణి. తరువాత ఆయన ఊరికి వెళ్ళిపోయాడు.

రెండేళ్ళకు కంపెనీ కారులో ఆళ్ళగడ్డ పోయాను. అదే హోటలు ముందు ఆపాను. కడప బస్సు దిగినవాళ్ళలో ఒక ముసలమ్మ, ఆమె వెనక చేతికర్రతో రమణయ్య. తల్లిని అహోబిలం తీసుకుపోతున్నాడట. మొక్కు ఆమెదట.

నన్ను చూసి ఆగాడు. పారిపోలేదు, నేనూ పారిపోలేదు. తల్లిని బెంచీ మీద కూర్చోబెట్టి కారు దగ్గరికి వచ్చాడు. చుట్టూ తిరిగాడు. కర్రతో వెనక టైరు నొక్కి చూశాడు.

"గాలి తక్కువుండాది" అన్నాడు.

"పెట్టిస్తా, అన్నా."

"బాగా పోతాందా?"

"పోతాంది" అన్నాను.

"ఇప్పుడు ఏం చేస్తాండావన్నా?" అని అడిగాను.

"సైకిళ్ళు అద్దెకిస్తుండా. రిపేర్లూ చేస్తా. వాటికి క్లచ్చి ఉండదు గదా."

అది ఆయన వేసిన హాస్యం. నవ్వమని ఇచ్చాడు. నవ్వు రాలేదు. బెంచీల మీదివాళ్ళు, నాకు తెలిసినవాళ్ళే, మా ఇద్దరి వంకా చూస్తున్నారు. ఇక ఆపుకోలేక ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"అన్నా, నన్ను తిట్టు. ఈ జనంలోనే తిట్టు. గాలి పంపుతో కొట్టినా సరే, ఏమనుకోను. ఒక్కసారి నోరారా తిట్టెయ్యన్నా, తేలికైపోతాది."

రమణయ్య తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. నా ముఖం కేసి, దారి అడిగే మనిషిలాగే చూశాడు.

"ఎవురికి?" అన్నాడు.